ఆరోగ్య సమస్య ఉన్న కుక్కను ఇంటికి తెచ్చుకోవాలంటే: బెంగళూరులో మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మా కుక్క మల్లికి వెనక కాళ్ళు పనిచేయవు. రోడ్డు మీద ఏదో బండి గుద్ది నడుము దెబ్బతింటే షెల్టర్‌వాళ్ళు తీసుకెళ్ళి బతికించారు. ఐదేళ్ళ కిందట నేను ఇంటికి తెచ్చుకున్నాను. సాయంత్రం దానికి చక్రాల బండి కట్టి బయటికి తీసుకెళ్తే ఇద్దరు ముగ్గురైనా ఆగి మాట్లాడతారు. ఆఫీసులో తెలిసినవాళ్ళు అడుగుతారు, అనంతపురం నుంచి చుట్టాలు ఫోన్ చేసి అడుగుతారు. అడిగేవాళ్ళు మారతారు గానీ అనుమానాలు మాత్రం అవే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

మందుల మోతాదులు కావాలనే రాయలేదు. అవి డాక్టరు మీ కుక్కను చూసి, బరువు తూచి చెప్పాల్సినవి.

## తీసుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. ఇలాంటి కుక్కను పెంచగలమా?

దాని జబ్బుకు ఏ టైముకు ఏం చేయాలో ముందు తెలుసుకోండి. మూడు కాళ్ళ కుక్క, చూపు లేని కుక్క, చెవుడు ఉన్న కుక్క ఇల్లు అలవాటైపోయాక ఐదారు గంటలు ఒంటరిగా ఉండగలవు. ఫిట్స్‌కు వాడే ఫినోబార్బిటోన్ సాధారణంగా పన్నెండు గంటలకోసారి కాబట్టి పొద్దున ఏడుకు, రాత్రి ఏడుకు వేయగలిగితే చాలు. అదే ఫిట్స్‌కు మామూలు లెవెటిరాసెటమ్ రాస్తే ఎనిమిది గంటలకోసారి వేయాలి. మధ్యాహ్నం డోసు ఎవరు వేస్తారు? నడుము పడిపోయిన కుక్కకైతే రోజుకు మూడు నాలుగుసార్లు మూత్రం మన చేత్తో తీయించాలి.

ఒక కాగితం తీసుకుని మీ ఇంట్లో మామూలు మంగళవారం ఎలా గడుస్తుందో గంట గంటకు రాయండి. సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయే గంట కూడా రాయండి. కుక్క పనులు అందులో ఎక్కడ పడతాయో చూడండి. ఖాళీ దొరక్కపోతే, ఇంట్లో ఉండే మూడో మనిషి ఒప్పుకుంటేనే ముందుకెళ్ళండి.

చూడగానే జాలేసింది. వెంటనే తెచ్చేసుకోవాలనిపిస్తోంది. తప్పా?

తప్పు కానే కాదు. జాలి లేకపోతే మల్లి మా ఇంటికి వచ్చేదే కాదు. కాకపోతే మందు వేయాల్సింది పొద్దున ఆరింటికి అయితే, జ్వరం వచ్చి పడుకున్న రోజు కూడా లేచి ఆరింటికి వేయాల్సిందే. దానికి జాలి ఒక్కటే సరిపోదు. ముందు రెండు మూడు వారాలు ఫోస్టర్‌గా, అంటే తాత్కాలికంగా చూసుకోవడానికి, తెచ్చుకోండి. చాలా షెల్టర్లు సంతోషంగా ఒప్పుకుంటాయి. ఆ మూడు వారాల్లో మీ నిద్ర, మీ ఓపిక, మీ ఇంట్లోవాళ్ళ మనసు అన్నీ తెలిసిపోతాయి.

దాని జబ్బు మనకు అంటుకుంటుందా? ఇంట్లో చిన్నపిల్లలున్నారు.

డిస్టెంపర్, పార్వో అనేవి కుక్కలకు వచ్చే వైరస్ జబ్బులు, మనుషులకు రావు. ఫిట్స్, పక్షవాతం, కిడ్నీ జబ్బు అంటుకునేవి కావు. చర్మరోగం దగ్గరే తేడా ఉంది. డెమోడెక్స్ వల్ల వచ్చే గజ్జి మనకు అంటదు. సార్కోప్టిస్ పురుగు వల్ల వచ్చే గజ్జి మాత్రం మనకూ కొన్నాళ్ళు దురద పెడుతుంది. తామర కూడా అంటుకుంటుంది. కాబట్టి ఏ రకమో పరీక్ష చేయించి చెప్పమని అడగండి.

అసలు జాగ్రత్త పడాల్సినవి రెండు. మొదటిది లెప్టోస్పైరోసిస్. అది మూత్రం ద్వారా మనుషులకు వస్తుంది, వానాకాలంలో ఎక్కువ. టీకా వేయించండి, మూత్రం శుభ్రం చేసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి. రెండోది రేబిస్. కుక్కకు టీకా ఏటా తప్పకూడదు. నొప్పిలో ఉన్న కుక్క ఎంత మంచిదైనా కరవచ్చు. పన్ను దిగినా, గోరు గీరినా పావుగంట సేపు సబ్బుతో పారే నీళ్ళ కింద కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్ళండి. “మన కుక్కే కదా, టీకా ఉంది కదా” అని ఆగొద్దు. ఐదేళ్ళలోపు పిల్లలను, కొత్తగా వచ్చిన కుక్కను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు.

మా అత్తగారికి మడి, ఆచారం ఎక్కువ. ఒప్పుకోరేమో?

అడగకుండా మాత్రం తేవద్దు. పగలు ఇంట్లో ఉండేది ఆవిడే అయితే పని పడేది కూడా ఆవిడ మీదే. మా అమ్మ కూడా మొదట వద్దనే అంది. వంటింటికి, దేవుడి గదికి చిన్న గేటు పెట్టించాం. కుక్క బట్టలకు వేరే బకెట్, వేరే తాడు. మల్లి పని చేసిన చేతులతో గిన్నెలు ముట్టుకోనని మాట ఇచ్చాను, తప్పలేదు. ఇప్పుడు ఊరి నుంచి వచ్చినప్పుడు దాని కోసం పాత చీరలు నాలుగు మడతలు వేసి బొంత కుట్టి తెస్తోంది. అందరి ఇళ్ళలో ఇలాగే జరుగుతుందని చెప్పలేను. ఒప్పుకోని ఇంట్లో కుక్క కూడా సుఖపడదు.

## షెల్టర్‌కు వెళ్ళి చూసేటప్పుడు

బెంగళూరులో ఇలాంటి కుక్కలు ఎక్కడ ఉంటాయి?

చార్లీస్ యానిమల్ రెస్క్యూ సెంటర్, 1991 నుంచి పనిచేస్తున్న క్యూపా లాంటి జంతు సంరక్షణ సంస్థల దగ్గర ఎప్పుడూ కొన్ని ఉంటాయి. సొంతంగా రెస్క్యూ చేసి ఇంట్లో పెట్టుకునేవాళ్ళు కూడా ఊరంతా ఉన్నారు. ఫోన్‌లో “అర్జెంట్, ఈ రోజే తీసుకోకపోతే రోడ్డు మీద వదిలేస్తారు” అని వచ్చే మెసేజ్ చూసి కంగారు పడొద్దు. కుక్కను కళ్ళారా చూడకుండా, కాగితాలు చూడకుండా డబ్బు పంపొద్దు.

షెల్టర్‌వాళ్ళను ఏం అడగాలి?

ముందు కాగితాలు: టీకాల పుస్తకం, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయిందా లేదా, తాజా రక్తపరీక్ష (సీబీసీ అనే రక్తకణాల లెక్క, కిడ్నీ, లివర్), టిక్ ఫీవర్ (గోమార్ల వల్ల వచ్చే జ్వరం) పరీక్ష, ఎక్స్‌రే. ఆ తర్వాత కుక్కను రోజూ చూసుకునే ఆయాతోనో అన్నతోనో మాట్లాడండి. కాగితంలో లేనివన్నీ వాళ్ళకు తెలుసు. మందు ఎలా మింగుతుంది, ఎక్కడ ముట్టుకుంటే మొరుగుతుంది, రాత్రిళ్ళు అరుస్తుందా, ఆఖరిసారి ఫిట్ ఎప్పుడు వచ్చింది అని అడగండి. మల్లికి ఎడమ తుంటి ముట్టుకుంటే నచ్చదని నాకు చెప్పింది అక్కడ గిన్నెలు కడిగే అమ్మే. ఆ ఒక్క మాటతో మొదటి నెలలో నా చేతులు క్షేమంగా ఉన్నాయి.

వీలైతే కుక్కకు మందు వేసే టైముకు వెళ్ళండి. మీరే ఒకసారి వేసి చూడండి.

“డిస్టెంపర్ వచ్చి తగ్గింది” అన్నారు. అంటే పూర్తిగా నయమైనట్టేనా?

జబ్బు తగ్గింది గానీ, వైరస్ నరాల్లో చేసిన నష్టం మిగలవచ్చు. కాలో, దవడో, తలో ఆగకుండా ఎగిరెగిరి పడుతుంటుంది. నిద్రలో కూడా ఆ కదలిక ఆగదు. చాలా కుక్కలు దానితోనే తింటాయి, ఆడతాయి, ఏళ్ళు బతుకుతాయి. కొన్నింటికి వారాలు, నెలలు గడిచాక ఫిట్స్ మొదలవుతాయి. చిన్నప్పుడే వచ్చి ఉంటే పళ్ళ పైపూత దెబ్బతిని పళ్ళు గోధుమరంగుగా, గుంటలు గుంటలుగా ఉంటాయి. ఈ జబ్బుకు ప్రత్యేకమైన మందు లేదు, ఉన్న లక్షణాలకే వైద్యం. తగ్గాక కూడా కొన్నాళ్ళపాటు వైరస్ బయటికి వస్తుండవచ్చు. మీ ఇంట్లో టీకా లేని కుక్క ఉంటే తేవద్దు.

మూత్రం పోసే చోట గడ్డ, రక్తం కారుతోంది. క్యాన్సర్ అన్నారు. అలాంటిదాన్ని తీసుకోవచ్చా?

వీధికుక్కల్లో ఎక్కువగా కనిపించే టీవీటీ అనే గడ్డ అయితే నిర్భయంగా తీసుకోండి. చూడటానికి కాలీఫ్లవర్‌లా భయంకరంగా ఉంటుంది గానీ క్యాన్సర్లలో బాగా లొంగేది ఇదే. వారానికోసారి విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ ఇస్తారు. సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో గడ్డ కరిగిపోతుంది. ప్రతిసారీ ముందు రక్తపరీక్ష చేయాలి. మందు నరం బయట పడితే అక్కడి కండ కుళ్ళుతుంది కాబట్టి చెయ్యి తిరిగిన డాక్టరే ఇవ్వాలి. ఇంజెక్షన్ తర్వాత రెండు మూడు రోజులు మలమూత్రాలు గ్లవ్స్‌తోనే ఎత్తాలి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పని ఆమె చేయకూడదు.

ఇల్లు చూడటానికి వస్తామంటున్నారు. ఎందుకంత అనుమానం?

ఒకసారి వదిలేసిన కుక్కను రెండోసారి వదిలేయకూడదని. బాల్కనీ గ్రిల్, మెట్లు, నున్నటి నేల చూస్తారు. రానివ్వండి. వాళ్ళు చెప్పే చిన్న మార్పులు తర్వాత చాలా పనికొస్తాయి.

## మొదటి నెల

ఇంటికి తెచ్చిన రోజు ఏం చేయాలి?

దాదాపు ఏమీ చేయకూడదు. ఒక గది, ఒక పరుపు, నీళ్ళు, షెల్టర్‌లో పెట్టిన తిండే. స్నానం వద్దు, చుట్టాలను పిలవడం వద్దు, ఫోటోల కోసం ఎత్తుకోవడం వద్దు. ఫోన్‌లో మందుల అలారాలు పెట్టుకుని, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా పెట్టండి. వారంలోపు మీ డాక్టరుకు చూపించి కాగితాలన్నీ ఇవ్వండి. దాని బరువు మీ పుస్తకంలో రాసుకోండి. మందులన్నీ బరువును బట్టే.

రెండు రోజులైంది, తినడం లేదు. మంచం కిందే ఉంటోంది.

ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క కొత్తచోట ఒక రోజు సరిగా తినకపోయినా నీళ్ళు తాగుతుంటే ఫర్వాలేదు. కానీ మీది ఆరోగ్య సమస్య ఉన్న కుక్క. ఇరవై నాలుగు గంటలు ఏమీ తినకపోతే, లేదా నీళ్ళు మానేస్తే, వాంతి చేసుకుంటే డాక్టరుకు ఫోన్ చేయండి. కుక్కపిల్లయితే అంతసేపు కూడా ఆగొద్దు. చిగుళ్ళు చూడటం అలవాటు చేసుకోండి. లేత గులాబీ రంగు మంచిది. తెల్లగా పాలిపోయి ఉంటే టిక్ ఫీవరో, లోపల రక్తం పోతోందో, వెంటనే తీసుకెళ్ళాలి.

మంచం కింద నుంచి లాగొద్దు. ఆ గదిలోనే నేల మీద కూర్చుని మీ పని చేసుకోండి. మల్లి నాలుగో రోజు రాత్రి వచ్చి నా చెప్పు మీద గడ్డం ఆనించింది. అంతే, ఆ రోజుకు అంతకంటే ఏమీ చేయలేదు.

ఇంట్లో ముందే ఒక కుక్క ఉంది. దానితో పడుతుందా?

పది పద్నాలుగు రోజులు వేరే గదుల్లో ఉంచండి. లోపల దాగిన జబ్బులేమైనా ఉంటే ఈలోగా బయటపడతాయి. తర్వాత ఇంటి బయట, రెండింటికీ తాడు కట్టి, పక్కపక్కన నడిపించండి. తిండి గిన్నెలు ఎప్పటికీ విడివిడిగానే. ఇంకో సంగతి, ఫిట్ వచ్చి కొట్టుకుంటున్న కుక్క మీద రెండో కుక్క దాడి చేసే ప్రమాదం ఉంది. ఫిట్స్ ఉన్న కుక్కను తెస్తే మీరు లేనప్పుడు రెండింటినీ కలిపి ఉంచొద్దు.

## రోజువారీ సంరక్షణ

నడుము పడిపోయిన కుక్కకు మూత్రం మనమే తీయించాలంటారు. అదెలా? నావల్ల అవుతుందా?

అవుతుంది, ఎవరైనా పక్కనుండి నేర్పితే. వీడియో చూసి మొదలుపెట్టొద్దు. డాక్టరు మీ చేతి మీద తన చెయ్యి పెట్టి చూపించాలి. నాకు అలా రెండుసార్లు నేర్పాక మూడోసారి మూత్రసంచి చేతికి అందింది.

పొద్దున ఐదుంపావుకు మల్లిని బాత్‌రూమ్‌లో రబ్బరు చాప మీద నా మోకాళ్ళ మధ్య నిలబెడతాను. వెనక కాళ్ళ ముందు, పొట్టకు రెండు వైపులా అరచేతులు బల్లపరుపుగా పెడతాను. నిండిన మూత్రసంచి బత్తాయికాయంత గుండ్రంగా, బిగుతుగా తగులుతుంది. వేళ్ళు గుచ్చకుండా, అరచేతులతోనే నెమ్మదిగా తోక వైపు ఒత్తాలి. మొదట చుక్కలు, తర్వాత ధార. ధార ఆగాక ఇంకోసారి తడిమి చూస్తాను. బత్తాయి చేతికి తగలకూడదు. మొత్తం రెండు నిమిషాల పని. మళ్ళీ పదకొండుకు, సాయంత్రం ఐదుకు, రాత్రి పదిన్నరకు.

లోపల మూత్రం మిగిలిపోతే ఇన్ఫెక్షన్ వస్తుంది, అది కిడ్నీకి పాకుతుంది. వాసన మారినా, రంగు చిక్కబడినా, రక్తం కనిపించినా పరీక్షకు ఇవ్వండి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేయొద్దు. నేను మొదటి ఏడాది ఒకసారి “మొన్నటి మందే కదా” అని అదే వేశాను. తగ్గలేదు, ఇంకా ముదిరింది. కల్చర్ పరీక్ష చేయిస్తే ఆ మందుకు లొంగని క్రిమి అని తేలింది. గట్టిగా ఒత్తినా చుక్క రాకపోతే బలవంతం చేయకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.

ఈడ్చుకుంటూ తిరిగి పుండ్లు పడుతున్నాయి. ఏం చేయాలి?

నేల మార్చండి. నున్నటి టైల్స్ మీద జారుతుంది, గరుకు సిమెంటు మీద చర్మం లేచిపోతుంది. పాత యోగా చాపలు పక్కపక్కన పరిస్తే చవకగా అయిపోతుంది. బయటికి వెళ్ళేటప్పుడు వెనక భాగానికి సంచిలాంటి బట్ట తొడగండి. పడుకున్నప్పుడు మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చండి. రోజూ రాత్రి తుంటి ఎముకలు, మోకాళ్ళు, కాలి వేళ్ళ పైభాగం టార్చి వేసి చూడండి. చాలాచోట్ల స్పర్శ ఉండదు కాబట్టి అది ఏడవదు, మనమే చూడాలి. ఎర్రబడిన చోటే ఆపగలిగితే పుండు దాకా పోదు. డైపర్ వేస్తే గంటల తరబడి తడిగా ఉంచొద్దు. పిల్లల డైపర్‌కు తోక కోసం చిల్లు పెట్టినా పనిచేస్తుంది.

చక్రాల బండి ఎప్పుడు కొనాలి? రోజంతా వేసి ఉంచొచ్చా?

డాక్టరు వెన్ను కుదుటపడిందన్నాకే. కొలతలు సరిగా ఉండాలి: నేల నుంచి తొడ దాకా, ఛాతీ చుట్టూ, ఒంటి పొడవు. మొదట పది నిమిషాలు, తర్వాత పావుగంట, ఇరవై నిమిషాలు అలా పెంచండి. బండిలో ఉన్న కుక్క పడుకోలేదు. అందుకే వేసి వదిలేసి పోకూడదు. మల్లికి నేను కొన్నది 7,500 రూపాయలైంది. పట్టీలు రెండుసార్లు మార్పించాను.

ఫిట్ వచ్చినప్పుడు ఏం చేయాలి? నోట్లో చెంచా పెట్టాలా?

నోటి దగ్గరికి చెయ్యి గానీ, చెంచా గానీ, తాళంచెవి గానీ తీసుకెళ్ళొద్దు. కుక్క నాలుక మింగదు. చుట్టూ ఉన్న కుర్చీలు జరపండి, తల కింద దుప్పటి పెట్టండి, లైట్లు, టీవీ ఆపండి, గడియారం చూడండి. చాలా ఫిట్లు రెండు నిమిషాల్లోపు ఆగుతాయి, కానీ మనకు అది గంటలా అనిపిస్తుంది. అందుకే టైము తప్పకుండా చూడాలి. ఐదు నిమిషాలు దాటినా, ఇరవై నాలుగు గంటల్లో రెండో ఫిట్ వచ్చినా ఎమర్జెన్సీ. ఆగాక కాసేపు కుక్కకు మనం ఎవరో తెలియకపోవచ్చు, గోడకు గుద్దుకుంటుంది, ఆత్రంగా తింటుంది, కరవనూ వచ్చు. దూరంగా కూర్చుని పేరు పెట్టి మెల్లగా పిలవండి.

ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకుంటే డాక్టరుకు చాలా ఉపయోగం. తేదీ, టైము, ఎంతసేపు, ముందు ఏం తింది అన్నీ రాసి పెట్టండి.

ఆరు నెలలుగా ఫిట్ రాలేదు. మందు ఆపేయొచ్చా?

ఫిట్స్ రాకపోవడానికి కారణం ఆ మందే. ఫినోబార్బిటోన్ ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. తగ్గించాలన్నా డాక్టరు నెలల తరబడి మెల్లగా తగ్గిస్తారు. మొదలుపెట్టిన రెండు వారాలు కుక్క తూలుతుంది, ఎక్కువ నీళ్ళు తాగుతుంది, ఆకలి పెరుగుతుంది. తూలడం తగ్గుతుంది, ఆకలి మాత్రం ఉంటుంది. అది చూసి అన్నం పెంచితే ఒళ్ళు వస్తుంది. రక్తంలో మందు మోతాదు, లివర్ పరీక్షలు డాక్టరు చెప్పిన గడువుకు చేయించండి. చీటీ లేకుండా షాపులో ఇవ్వరు, కాబట్టి కనీసం పది రోజుల మందు మిగిలి ఉండగానే కొనండి. ఆదివారం సాయంత్రం సీసా ఖాళీ అయితే ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

మూడు కాళ్ళ కుక్కకు ప్రత్యేకంగా ఏం చేయాలి?

బరువు పెరగనివ్వకండి, అదే ముఖ్యం. కుక్క ఒంటి బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ళ మీదే పడుతుంది. అందుకే ముందు కాలు పోయిన కుక్కకు వెనక కాలు పోయినదానికంటే ఎక్కువ శ్రమ. నున్నటి నేల మీద చాపలు, మంచం ఎక్కడానికి ఏటవాలు బల్ల, చిన్న చిన్న నడకలు. పక్కటెముకలు చేతికి తగలాలి.

కళ్ళు కనిపించవు. భయపడుతూ బతుకుతుందా?

ఇల్లు తెలిసేదాకానే. సోఫా, మంచం జరపొద్దు. నీళ్ళ గిన్నె జీవితాంతం ఒకే చోట. మెట్ల ముందు, గుమ్మం ముందు గరుకు పట్టా వేస్తే కాళ్ళకు తెలుస్తుంది. “మెట్టు”, “ఆగు” అనే రెండు మాటలు ఎప్పుడూ ఒకేలా అనండి. ముట్టుకునే ముందు పేరు పిలవండి. బాల్కనీకి, మెట్లకు గేటు తప్పనిసరి.

చెవులు వినిపించవు. మాట ఎలా నేర్పాలి?

చేతి సైగలతో. కుక్కలు మాటకంటే సైగను తొందరగా పట్టుకుంటాయి. నిద్రలో ఉన్నప్పుడు ఒంటి మీద చెయ్యి వేసి లేపితే ఉలిక్కిపడి కరవచ్చు, ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టండి, వాసనకు లేస్తుంది. రాత్రి లైటు వేసి ఆర్పితే పిలుపని నేర్పొచ్చు. బయట తాడు మాత్రం ఎప్పటికీ విప్పొద్దు. హారన్ దానికి వినిపించదు.

మన ఇంటి తిండి పెట్టొచ్చా? ఏం పెట్టకూడదు?

అన్నం, ఉడికించిన చికెన్, గుడ్డు, గుమ్మడికాయ, పడితే కొంచెం పెరుగు. ఉప్పు, కారం లేకుండా విడిగా వండండి. మన సాంబారు, పులుసు, కూర కలిపి పెట్టొద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను పాడుచేస్తాయి. కిస్మిస్, ద్రాక్ష కిడ్నీలను దెబ్బతీస్తాయి, కాబట్టి పండగ రోజు పాయసం గిన్నె కింద పెట్టొద్దు. చాక్లెట్, జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్న చూయింగ్ గమ్, ఉడికించిన ఎముకలు వద్దు. కిడ్నీ జబ్బు ఉన్న కుక్కకు ఫాస్ఫరస్ తక్కువగా ఉండే తిండి వేరే ఉంటుంది, డాక్టరు రాసిన కొలత తప్పొద్దు, నీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. మనుషుల పారాసెటమాల్, ఐబూప్రొఫెన్ డాక్టరు చెప్పకుండా ఎట్టి పరిస్థితిలోనూ వేయొద్దు.

గోమార్లు ఎంత తీసినా పోవడం లేదు.

ఒంటి మీద కనిపించేవి కొన్నే. మిగతావి గోడ పగుళ్ళలో, తలుపు సందుల్లో, పరుపు కుట్లలో గుడ్లు పెడుతుంటాయి. డాక్టరు చెప్పిన మాత్రో, మెడ మీద వేసే చుక్కల మందో క్రమం తప్పకుండా వాడుతూ ఇల్లు కూడా శుభ్రం చేయాలి. ఫిట్స్ ఉన్న కుక్కకు కొన్ని రకాల గోమారి మాత్రలు పడవు, ఆ సంగతి ముందే చెప్పి అడగండి. కుక్క హఠాత్తుగా నీరసపడి, జ్వరం వచ్చి, ముక్కు వెంట రక్తం వస్తే టిక్ ఫీవర్ అనుమానించాలి. అందులో ఎర్లీకియా అనే రకమైతే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ సాధారణంగా 28 రోజులు వాడతారు. ఐదో రోజుకే చలాకీ అయిపోతుంది. కోర్సు మాత్రం ఆపొద్దు.

## డబ్బు, డాక్టర్లు

నెలకు ఎంత ఖర్చవుతుంది?

ఒక అంకె చెప్తే మోసం చేసినట్టవుతుంది. చూపు లేని కుక్కకు మామూలు కుక్కకంటే పెద్దగా ఎక్కువ కాదు. ఫిట్స్‌కు మాత్రల కంటే పరీక్షలకే ఎక్కువ. కిడ్నీ జబ్బుకు తిండి, సెలైన్, పరీక్షలు కలిసి భారమవుతాయి. మల్లికి మామూలు నెలలో నాకు నాలుగు వేల లోపే. ఇన్ఫెక్షన్ వచ్చిన నెలలో పన్నెండు వేలు దాటిన సందర్భం ఉంది. అందుకే విడిగా ఒక ఖాతాలో నెల నెలా వేసుకుంటూ ఉండండి.

కుక్కకు ఇన్సూరెన్స్ చేయిస్తే సరిపోదా?

ముందే ఉన్న జబ్బుకు సాధారణంగా డబ్బు ఇవ్వరు. వయసు పరిమితి కూడా ఉంటుంది. తర్వాత జరిగే యాక్సిడెంట్‌కు పనికి రావచ్చు. మినహాయింపుల పేజీ చదివి నిర్ణయించుకోండి.

తక్కువ ఖర్చులో మంచి వైద్యం ఎక్కడ?

హెబ్బాళలో పశువైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. క్వీన్స్ రోడ్‌లో ప్రభుత్వ పశువుల ఆస్పత్రి ఉంది. క్యూ ఉంటుంది, పొద్దున్నే వెళ్ళాలి. రోజువారీకి ఇంటి దగ్గర ఒక డాక్టరు ఉండి, పెద్ద పరీక్షలకు ఇలాంటి చోటికి వెళ్తే ఖర్చు తగ్గుతుంది. రాత్రిపూట తెరిచి ఉండే ఆస్పత్రి ఏదో అవసరం రాకముందే ఒకసారి వెళ్ళి చూసి రండి. ఆటోలవాళ్ళు కుక్కను చూసి చాలాసార్లు ఎక్కించుకోరు. తెలిసిన ఆటో అన్న నంబరు ఒకటి ఉంచుకోండి.

## ఇల్లు, అపార్ట్‌మెంట్, ప్రయాణం

అసోసియేషన్‌వాళ్ళు లిఫ్ట్‌లో కుక్కను ఎక్కించొద్దంటున్నారు.

అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించకూడదని, లిఫ్ట్ వాడనివ్వకుండా ఆపకూడదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కాపీ చూపించండి, గొడవ పెట్టుకోవద్దు. టీకా కాగితం సెక్రటరీకి ఇవ్వండి, లిఫ్ట్‌లో మరకైతే వెంటనే తుడవండి. మా ఫ్లోర్‌లో మొదట తలుపు వేసుకున్న ఆంటీ ఇప్పుడు మల్లికి లిఫ్ట్ పట్టి ఉంచుతారు. అద్దె ఇల్లయితే ఇంటి ఓనరు ఒప్పుకోలు మాత్రం అగ్రిమెంటులో రాయించుకోవాలి.

సంక్రాంతికి ఊరెళ్ళాలి. కుక్కను ఎలా తీసుకెళ్ళాలి?

రైల్లో మీతోపాటు ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే, అంటే తలుపున్న గది, మొత్తం మీకే ఉండాలి. లేకపోతే బ్రేక్ వ్యాన్‌లోని కుక్కల పెట్టెలో వేస్తారు. ఆరోగ్యం బాగాలేని కుక్కను అందులో నేనైతే పంపను. కారే మేలు. అనంతపురం వెళ్ళేటప్పుడు మల్లికి బయలుదేరే ముందు ఒకసారి, బాగేపల్లి దాటాక చెట్టు నీడలో ఒకసారి మూత్రం తీయిస్తాను. మందులు చేతిసంచిలో, చీటీ ఫోటో ఫోన్‌లో. తీసుకెళ్ళలేకపోతే, మీ కుక్క పని చేతులతో చేసి చూపించినవాళ్ళ దగ్గరే వదలండి.

దీపావళికి టపాసుల భయంతో ఫిట్స్ వస్తాయా?

ఒత్తిడి వల్ల కొన్నింటికి వస్తాయి. రెండు వారాల ముందే డాక్టరును అడిగి భయం తగ్గించే మందు రాయించుకోండి. ఆ సాయంత్రం కిటికీలు మూసి, ఫ్యాన్ వేసి, లోపలి గదిలో పక్కనే కూర్చోండి.

## కష్టమైన రోజులు

“దాన్నెందుకు ఇలా బాధపెడుతున్నారు, చంపేయొచ్చుగా” అంటున్నారు. ఏం చెప్పాలి?

నన్ను చాలామంది అడిగారు, ఒకసారి గుడి ముందు ఒక పెద్దాయన కూడా. నేను మల్లిని ఆయన దగ్గరికి నడిపించాను. అది ఆయన పంచె వాసన చూసి తోక ఊపలేదు, దాని తోకకు చలనం లేదు. చెవులు వెనక్కి వాల్చి చేతి కింద తల దూర్చింది. ఆయన ఇంకేం అనలేదు. కాళ్ళు పోయాయని మనకు బాధ గానీ, దాని ధ్యాసంతా ఎదురుగా ఉన్న మనిషి మీదే.

నాకు ఓపిక అయిపోయింది. వెనక్కి ఇచ్చేస్తే పాపమా?

అలసిపోయారని నోరు తెరిచి చెప్పడం మంచిపని. ముందు షెల్టర్‌కు ఫోన్ చేసి వారం రోజులు ఎవరైనా చూసుకుంటారా అని అడగండి. మీరు నిద్రపోండి. అప్పటికీ వల్లకాకపోతే వాళ్ళకే తిరిగి అప్పగించండి. రోడ్డు మీద వదిలేయడం మాత్రం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. ఇలాంటి కుక్క రోడ్డు మీద నాలుగు రోజులు కూడా బతకదు.

ఇక శాశ్వతంగా నిద్రపుచ్చాలా అనే నిర్ణయం ఎప్పుడు తీసుకోవాలి?

అమెరికాకు చెందిన పశువైద్యురాలు ఆలిస్ విలలోబోస్ ఒక పద్ధతి చెప్పారు. నొప్పి లేకపోవడం, తిండి, నీళ్ళు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువా అన్న ఏడింటికి పదేసి మార్కులు. మొత్తం 35 దాటితే బతుకు బాగానే సాగుతున్నట్టు. చక్రాల బండిలో తిరిగే కుక్కకు కదలికలో మార్కులు ఉన్నట్టే లెక్క. క్యాలెండర్ మీద రోజూ మంచి రోజుకు టిక్కు, చెడ్డ రోజుకు ఇంటూ పెట్టండి. మందులకు లొంగని నొప్పి, ఇష్టమైన తిండి కూడా వాసన చూసి తల తిప్పేసుకోవడం, ఇంటూలు ఎక్కువ కావడం కనిపిస్తే డాక్టరుతో దాచకుండా మాట్లాడండి. ముందు మత్తు ఇచ్చి, తర్వాత ఇంజెక్షన్ ఇవ్వమని అడగండి. ఆ గదిలో మీరే ఉండండి. అది చివరగా వెతికేది మీ వాసన కోసమే.

ఇంటికి తెచ్చుకోలేను. ఇంకేమైనా చేయగలనా?

చాలా. ప్రతి ఆదివారం రెండు గంటలు ఇవ్వండి. పడుకునే ఉండే కుక్కలకు పక్క మార్చడానికి, కాళ్ళు మెల్లగా కదిలించడానికి, చక్రాల బండి కట్టి తిప్పడానికి మనుషులు చాలరు. కారు ఉంటే వారం వారం ఇంజెక్షన్‌కు తీసుకెళ్ళి తీసుకురండి. ఒక కుక్క ఫిట్స్ మందు ఖర్చు ఏడాదికి మీరు పెట్టుకోండి. పాత దుప్పట్లు, తువ్వాళ్ళు, దినపత్రికలు ఎన్నైనా తీసుకుంటారు. దుప్పట్లు ఇచ్చేముందు ఉతికి, బొత్తాలు, జిప్పులు తీసేయండి. నడవలేని కుక్క దాని మీదే రోజంతా పడుకుంటుంది, చిన్న బొత్తాం కూడా ఒంట్లో గుచ్చుకుంటుంది.